ఇరవై నిమిషాలు, ఒక గాజు గొట్టం

2024 సెప్టెంబరు మొదటి వారం. బుడమేరు పొంగి బెజవాడ సింగ్‌నగర్ మునిగిందని టీవీలన్నీ చూపిస్తున్న రోజులు. ఆ నీళ్ళు బెజవాడ చేరకముందు మా వైపు నుంచే వెళ్ళాయి. వెలగలేరు రెగ్యులేటర్ ఉన్నది జి.కొండూరు మండలంలోనే. కాలువకి గండ్లు పడి, పొలాల్లో నీళ్ళు నిలిచి, గట్ల బొరియల్లో ఉండాల్సిన పాములు ఇళ్ళ అరుగుల మీదికొచ్చాయి. ఒక రాత్రి పదకొండింటికి మా వదిన ఫోన్ చేసింది. ఆమె మా వైపే ఒక పీహెచ్‌సీలో స్టాఫ్ నర్సు.

“అబ్బాయ్, వాట్సాప్‌లో ఫోటో పెట్టాను. అది డౌన్‌లోడ్ అవుతుందేమో కాస్త చూసిపెట్టు.”

ఫోటోలో ఒక ఇంగ్లీషు మెడికల్ జర్నల్ వ్యాసం మొదటి పేజీ ఉంది. సారాంశం నాలుగు లైన్లు కనబడుతోంది. మిగతాది చదవాలంటే డాలర్లు కట్టాలి. మన లెక్కలో మూడు వేలు దాటుతుంది.

ఆమె సందేహం చిన్నదే. పాము కాటుకి విరుగుడు ఇంజెక్షన్, వాళ్ళ భాషలో ఏఎస్‌వీ, పెట్టేముందు ఎవిల్, హైడ్రోకార్టిజోన్ ఇవ్వడం వాళ్ళ దగ్గర అలవాటు. కొత్తగా వచ్చిన డాక్టరమ్మ వాటివల్ల రియాక్షన్ ఆగుతుందనడానికి రుజువు లేదంటున్నారు. ఇరవయ్యేళ్ళుగా ఇస్తూనే ఉన్నాం కదా అని సీనియర్ సిస్టర్ అంటోంది. “ఇద్దరూ గట్టిగానే చెబుతున్నారు. రాత్రి డ్యూటీలో సిరంజి పట్టుకునేది నేను. మన ఇంట్లో లైబ్రరీలూ గట్రా నీకే కదా తెలుసు, చూసి చెప్పు” అంది.

నేను డాక్టర్ని కాదు. పాత పుస్తకాలు, వాటిని దాచిన చోట్లు, వాటి తాళాలు ఎవరి దగ్గరుంటాయన్నదీ నా ఆసక్తి. ఆ రాత్రి వెతుకులాట నన్ను శ్రీలంక మీదుగా విశాఖపట్నం దాకా, అక్కణ్ణుంచి 1796 దాకా తీసుకెళ్ళింది.

ముందు వదిన ప్రశ్నకి దొరికిన జవాబు చెప్పాలి. ఏఎస్‌వీని గుర్రాల రక్తం నుంచి తీస్తారు. పాము విషాన్ని కొద్దికొద్దిగా గుర్రానికెక్కిస్తే దాని ఒంట్లో విరుగుడు తయారవుతుంది. అది మన ప్రాణం కాపాడుతుంది గానీ, పరాయి జంతువు ప్రోటీను కాబట్టి ఒక్కోసారి ఒళ్ళంతా దద్దుర్లు, ఆయాసం, బీపీ పడిపోవడం లాంటివి తెస్తుంది. దీన్ని ముందే ఆపడానికి ఏ మందు పనికొస్తుందో తేల్చడానికి శ్రీలంకలో 1,007 మంది రోగుల మీద పరీక్ష చేశారు. ఎవరికి ఏ మందు వెళ్ళిందో రోగికీ తెలియదు, చూసే డాక్టరుకీ తెలియదు. ఫలితాలు 2011లో ప్లాస్ మెడిసిన్ పత్రికలో వచ్చాయి. ముందుగా చర్మం కింద తక్కువ మోతాదు ఎడ్రినలిన్ ఇస్తే తీవ్రమైన రియాక్షన్లు బాగా తగ్గాయి. హైడ్రోకార్టిజోన్ వల్లా, ప్రోమెథజైన్ వల్లా తగ్గలేదు. ఎవిల్ అచ్చంగా ప్రోమెథజైన్ కాదు, అదే జాతి మందు. అంటే ఈ పరీక్ష ఎవిల్ గురించి సూటిగా తీర్పు చెప్పినట్టు కాదు. కానీ హైడ్రోకార్టిజోన్ సంగతి స్పష్టం.

ఆ పత్రిక ఎవరైనా ఉచితంగా చదవొచ్చు. వదిన పంపిన మూడు వేల రూపాయల వ్యాసం అవసరమే లేకపోయింది. ఆమెకి ఆ సంగతి తెలియదు, అంతే. ఒక తలుపు మూసి ఉంటే పక్కది తెరిచి ఉందని చెప్పే మనిషి ఆమె పనిచేసే చోట లేరు.

మనవైపు పాము కాటుని రుజువులతో కొలవాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. 1781లో పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండు డాక్టరు విశాఖపట్నం వచ్చాడు. అంతకుముందు సిరియాలోని అలెప్పోలో వైద్యం చేసిన మనిషి. తమ్ముడు క్లాడ్ ఈస్టిండియా కంపెనీ అధికారిగా విశాఖలో ఉంటే తోడుగా వచ్చి, 1785లో కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్త కోనిగ్ చనిపోయాక ఆ ఉద్యోగంలో చేరాడు. అప్పట్లో పాము కాటుకి ‘తంజావూరు మాత్ర’ అని ఒకటి పేరు మోసింది. దాన్లో పాదరసం, పాషాణం ఉండేవి. అది నిజంగా పనిచేస్తుందా అన్నది కంపెనీ వారికి అవసరమైన ప్రశ్న. రస్సెల్ కుక్కల మీదా కోళ్ళ మీదా పాముల్ని కరిపించి, అప్పట్లో చెప్పుకునే విరుగుళ్ళని ఇచ్చి చూసి, ఏమైందో రాసుకున్నాడు. ఇప్పటి కళ్ళతో చూస్తే క్రూరంగానే ఉంటుంది. అయితే ‘ఫలానావాడు బతికాడట’ అన్న మాటని నమ్మకుండా, ఇచ్చి చూసి లెక్క రాసుకోవడం అనే పని తెలుగు తీరంలో జరిగింది.

ఇంకో పని కూడా చేశాడు. ఏ పాము విషమున్నది, ఏది కాదు అని గుర్తుపట్టడం నేర్పాలనుకున్నాడు. అందుకు పాముల్ని పట్టించాడు, బొమ్మలు వేయించాడు, వాటికి ఇక్కడి జనం పెట్టుకున్న పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. మనం రక్తపింజర అనే పాముకి ఆయన పుస్తకంలో ఉన్న పేరు ‘కాటుక రేకుల పొడ’. నల్లటి రేకుల్లాంటి మచ్చల వరస ఉన్న పాముకి ఎంత చక్కటి పేరు! దాన్నే తర్వాత ప్రపంచమంతా రస్సెల్స్ వైపర్ అంది. పసుపు, నలుపు పట్టీల పాముని ఆయన ‘బంగారు పాము’ అని రాసుకుంటే, 1803లో ఫ్రెంచి శాస్త్రవేత్త దోదాఁ కట్లపాముల జాతి మొత్తానికి ‘బంగారస్’ అని పేరు పెట్టాడు. ఇవాళ్టికీ కట్లపాము శాస్త్రీయ నామంలో మన బంగారం ఉంది.

ఆ పేర్లు చెప్పినవాళ్ళ పేర్లు మాత్రం ఎక్కడా లేవు. పుస్తకం 1796లో లండన్‌లో కంపెనీ డైరెక్టర్ల ఆజ్ఞతో అచ్చయింది. పెద్ద సైజు, రంగుల బొమ్మలు, ఇంగ్లీషు. విశాఖ చుట్టుపక్కల చెట్లలో పుట్టల్లో చెయ్యి పెట్టి పాముల్ని పట్టిచ్చిన మనిషి దాన్ని చూసి ఉండడు. మన దగ్గర పోగైన జ్ఞానం మనకి దూరంగా, మనకి రాని భాషలో, మన చేతికందని ఖరీదులో భద్రంగా ఉండటం అక్కణ్ణుంచే మొదలైందని నాకనిపిస్తుంది. రెండొందల ఏళ్ళ తర్వాత ఇప్పుడు ఆ పుస్తకం స్కాన్ చేసిన పేజీలుగా బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీలో ఉచితంగా దొరుకుతుంది. ఫోన్‌లోనే కాటుక రేకుల పొడ బొమ్మ చూడొచ్చు.

రుజువు దొరకడం వేరు, అది మంచం దగ్గరికి రావడం వేరు. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ డాక్టరు స్కర్వీ జబ్బుతో ఉన్న పన్నెండుమంది నావికుల్ని ఇద్దరేసి చొప్పున ఆరు జట్లు చేసి, ఒక్కో జట్టుకి ఒక్కో విరుగుడు ఇచ్చాడు. నారింజలూ నిమ్మకాయలూ తిన్న జట్టు లేచి నిలబడింది. బ్రిటిష్ నౌకాదళం ఓడల్లో నిమ్మరసం ఇవ్వమని ఆదేశించింది 1795లో. మధ్యలో 48 ఏళ్ళు. శ్రీలంక పరీక్ష 2011లో అచ్చయితే, 2024లో మా వదిన పీహెచ్‌సీలో ఇంకా తగువు నడుస్తోంది. పదమూడేళ్ళు. లిండ్‌తో పోలిస్తే నయమే అనుకోవాలేమో.

ఈ మధ్య దూరాన్ని తగ్గించడానికే మెడికల్ లైబ్రరీలు పుట్టాయి. అమెరికాలో జాన్ షా బిల్లింగ్స్ 1879లో ‘ఇండెక్స్ మెడికస్’ మొదలుపెట్టాడు. ఏ పత్రికలో ఏ వ్యాసం వచ్చిందో చెప్పే సూచిక అది. 1964లో దాన్ని కంప్యూటర్‌కెక్కించారు. 1997లో పబ్‌మెడ్ పేరుతో ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితం చేశారు. అయితే సూచిక ఉచితం గానీ వ్యాసం కాదు. పుస్తకం పేరు, అల్మారా నంబరు చెప్పి, అల్మారాకి తాళమేసినట్టు. వదినకి ఎదురైన గోడ అదే.

వ్యాసాలు వేలల్లో పెరిగేసరికి ఇంకో సమస్య వచ్చింది. ఒక్కోటి ఒక్కోలా చెబుతుంది, ఏది నమ్మాలి? ఆర్చీ కోక్రేన్ అనే బ్రిటిష్ డాక్టరు 1972లో దీనిమీద ఒక చిన్న పుస్తకం రాశాడు. మంచి పరీక్షలన్నీ ఒకచోట చేర్చి, జల్లెడ పట్టి, తేలిందేమిటో చెప్పాలన్నది ఆయన వాదన. ఆయన పోయాక 1993లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆయన పేరు మీదే కోక్రేన్ కొలాబరేషన్ పుట్టింది. దానికి ఏడాది ముందు, కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీ డాక్టర్లు ఈ పద్ధతిని ‘ఎవిడెన్స్ బేస్డ్ మెడిసిన్’ అన్న పేరుతో ప్రపంచానికి పరిచయం చేశారు. పెద్ద డాక్టరు గారన్నారు కాబట్టి కాకుండా, రుజువుంది కాబట్టి మందివ్వడం. వదిన దగ్గర డాక్టరమ్మకీ సీనియర్ సిస్టర్‌కీ మధ్య జరిగిన తగువు నిజానికి ఇదే.

మన దేశానికొస్తే, 2007లో ఐసీఎంఆర్ చందా కట్టి కోక్రేన్ లైబ్రరీని దేశంలో ఇంటర్నెట్ ఉన్న ప్రతివారికీ తెరిపించింది. మంచి పనే. కానీ అప్పట్లో మా వైపు ఇంటర్నెట్ చూడాలంటే మైలవరమో ఇబ్రహీంపట్నమో వెళ్ళి గంటకింతని కట్టాలి. తలుపు తీసే ఉంది, దాకా వెళ్ళే దారే లేదు. అంతకుముందే 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పేద దేశాల ఆసుపత్రులకి మెడికల్ పత్రికలు ఉచితంగా ఇచ్చే ‘హినారి’ పథకం పెడితే, అందులో మనం లేం. మన దేశంలో చందాలు కట్టే కాలేజీలు చాలా ఉన్నాయి మరి. పెద్ద సంతలో చిన్న పల్లె కూడా కొనుగోలుదారు కిందే లెక్క.

2024 నవంబరులో కేంద్ర ప్రభుత్వం ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకానికి ఆమోదం తెలిపింది. మూడేళ్ళకి 6,000 కోట్ల రూపాయలు, 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 పత్రికలు. 2025 జనవరి 1 నుంచి అమలు. నాలాంటివాడు పండగ చేసుకోవాల్సిన వార్త. వివరాలు చదివితే, ఇది ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకీ, కేంద్ర పరిశోధనా సంస్థలకీ. అంటే బెజవాడలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ విద్యార్థి హాస్టల్ మంచం మీద పడుకుని చదువుకోవచ్చు. అక్కడికి పాతిక ముప్పై కిలోమీటర్ల దూరంలో పీహెచ్‌సీ నైట్ డ్యూటీ నర్సు ఈ ‘నేషన్’ లెక్కలోకి రాదు. కరిచిన పాము మాత్రం కాలేజీకి వెళ్ళదు.

పాము కాటు ఎవరి జబ్బో చూస్తే ఈ లెక్క మరీ తేడాగా కనబడుతుంది. మన దేశంలో ఏటా ఎంతమంది పాము కరిచి చనిపోతున్నారో చాలాకాలం సరైన లెక్కే లేదు. ఆసుపత్రి రికార్డులు చూస్తే కొద్దిమందే. ‘మిలియన్ డెత్ స్టడీ’ వాళ్ళు ఇల్లిల్లూ తిరిగి, మీ ఇంట్లో మనిషి ఎలా పోయారని అడిగి రాసుకున్నారు. 2011లో వచ్చిన ఆ లెక్క ప్రకారం ఏడాదికి సుమారు 46,000 మంది. అందులో 97 శాతం పల్లెల్లోనే. ఉత్తరప్రదేశ్ తర్వాత రెండో స్థానం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ది, 6,200 మంది. చనిపోయినవాళ్ళలో నాలుగోవంతు కూడా ఆసుపత్రిలో పోలేదు. పొలంలోనో, దారిలోనో, ఇంట్లోనో పోయారు. ఈ లెక్క అచ్చయిన పత్రిక కూడా ఉచితంగా చదివేదే. మన ఇళ్ళల్లో దుఃఖం నుంచి తీసిన లెక్క మనకి తాళం లేకుండా దొరకడం కనీస మర్యాద.

మరి యాప్‌లున్నాయి కదా అంటారేమో. ఉన్నాయి. ఏఎన్‌ఎమ్‌ల కోసం ‘అన్‌మోల్’ అనే ట్యాబ్ యాప్ 2016లో మొదలైంది మన రాష్ట్రంలోనే. గర్భిణుల వివరాలు, టీకాలు అన్నీ అందులో ఎక్కించాలి. రిజిస్టర్ల బరువు తగ్గించిన మాట నిజం. కానీ మా వదిన స్నేహితురాలు ఒక ఏఎన్‌ఎమ్ అన్న మాట మర్చిపోలేను. “అది మమ్మల్ని రోజంతా అడుగుతూనే ఉంటుందండీ. మేం ఒక్కటి అడిగితే చెప్పేది ఏదైనా ఉంటే చూడండి” అంది. అంతకుముందు, 2007లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన 104 ఫోన్ సేవ ఉండేది. లక్షణాలు చెబితే, అవతలివాళ్ళు కంప్యూటర్లో ముందే రాసుకున్న వరస ప్రకారం ప్రశ్నలు వేసి తెలుగులో సలహా చెప్పేవారు. ఇప్పుడు యాప్‌ల రూపంలో వస్తున్నదానికి అది ఒక పాత రూపం. భాష విషయంలో మాత్రం ఇప్పటికన్నా ముందుంది.

యాప్‌ని కూడా మందులాగే పరీక్షించాలి. ఆ పని కూడా మన దగ్గరే జరిగింది. పశ్చిమ గోదావరి జిల్లాలో 18 పీహెచ్‌సీల కింద 54 ఊళ్ళల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ‘స్మార్ట్‌హెల్త్’ అనే యాప్‌ని ఆశా కార్యకర్తల చేతికిచ్చారు. ఇంటింటికీ వెళ్ళి బీపీ చూసి వివరాలు ఎక్కిస్తే, ఎవరికి గుండెజబ్బు ముప్పుందో, ఏం చెయ్యాలో ట్యాబ్ చెబుతుంది. ఊళ్ళని చీటీ వేసినట్టు విడదీసి, వరసగా యాప్ ప్రవేశపెట్టి పోల్చారు. 2019లో ఫలితం అచ్చయింది. బీపీ అదుపులోకి వచ్చినవాళ్ళ శాతంలో యాప్ ఉన్న ఊళ్ళకీ లేని ఊళ్ళకీ తేడా రాలేదు. ఈ ఫలితాన్ని దాచకుండా అచ్చేసినందుకు వాళ్ళకి దణ్ణం పెట్టాలి. నాకు అర్థమైనంతలో, ఏ మాత్ర వాడాలో ట్యాబ్ చెప్పగలదు. ఆ మాత్ర బీరువాలో ఉండటం, రాసే డాక్టరు సీట్లో ఉండటం ట్యాబ్ చేతిలో లేవు.

ఇంకో కొండూరు సంగతి కూడా చెప్పాలి. మా జి.కొండూరుతో చాలామంది కలగాపులగం చేసే ఏ.కొండూరు మండలం తండాల్లో కిడ్నీ జబ్బు ఏళ్ళ తరబడి మనుషుల్ని తినేస్తోంది. నీళ్ళంటారు, నొప్పి బిళ్ళలంటారు, సారా అంటారు. కారణం ఇదీ అని తేలలేదు. అక్కడి నర్సు ఏ లైబ్రరీ తెరిచినా ఆ తండాకి సరిపడే జవాబు దొరకదు, ఎందుకంటే ఆ జవాబు ఇంకా తయారవలేదు. రుజువు మీద నడిచే వైద్యంలో ‘ఇంకా తెలియదు’ అని చెప్పగలగడం కూడా ఒక భాగమే. ఆ మాట అక్కడితో ఆగిపోతే మాత్రం అన్యాయం.

గ్రంథాలయాల విషయంలో మన జిల్లాకి గొప్ప చరిత్రే ఉంది. 1914లో ఆంధ్రదేశంలోని గ్రంథాలయాలవాళ్ళు మొదటిసారి కలిసి సంఘం పెట్టుకుంది బెజవాడ రామమోహన గ్రంథాలయంలో. వెనకుండి నడిపింది అయ్యంకి వెంకటరమణయ్య. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువ మీద కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య పడవలో పుస్తకాలు తిప్పాడు. చదివేవాళ్ళు గ్రంథాలయానికి రాలేకపోతే గ్రంథాలయమే వాళ్ళున్న రేవుకి వెళ్ళాలన్నది ఆ పడవ వెనకున్న ఆలోచన. వైద్యం విషయంలోనూ అలాంటి ప్రయత్నాలు జరిగాయి. మెక్సికో కొండ పల్లెల కోసం డేవిడ్ వెర్నర్ స్పానిష్‌లో రాసిన ఆరోగ్య పుస్తకాన్ని హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ‘వైద్యుడు లేని చోట’గా తెలుగులోకి తెచ్చింది. బెజవాడ డాక్టర్ సమరం గారి పుస్తకాలు బస్టాండు కొట్లల్లో కూడా అమ్మారు. ఇవన్నీ జనం కోసం. మధ్యలో నిలబడ్డ నర్సుకి, ఏఎన్‌ఎమ్‌కి, ఆశాకి ఆ పడవ ఇంకా రాలేదు.

తర్వాత రెండు రోజులు నేనూ వదినా ఫోన్లో కూర్చున్నాం. శ్రీలంక వ్యాసం ఆమె డాక్టరమ్మకి పంపింది. పాము కాటు మీద కేంద్ర ఆరోగ్యశాఖ చికిత్సా మార్గదర్శకాలు దొరికాయి. అవి ఉచితమే, ఇంగ్లీషులోనే. నేను చదువుతుంటే ఆమె మధ్యమధ్యలో ఆపి అర్థం చెప్పింది. కాటు పైన తాడు బిగించకూడదు. కాలుని కదలనివ్వకుండా కట్టాలి. చిన్నపిల్లలకైనా పెద్దవాళ్ళకైనా ఏఎస్‌వీ ఒకటే మోతాదు, ఎందుకంటే పాము మనిషి బరువు చూసి విషం తగ్గించదు. ఆ తర్వాత ఇరవై నిమిషాల పరీక్ష వచ్చింది. రోగి రక్తం కొంచెం తీసి, శుభ్రమైన పొడి గాజు గొట్టంలో పోసి, కదపకుండా ఇరవై నిమిషాలు ఉంచి వంచి చూడాలి. గడ్డకట్టకుండా జారితే రక్తపింజర లాంటి దాని విషం ఎక్కినట్టు.

“ఆగాగు. గాజు అనుందా?” అంది వదిన.

ఉంది. రక్తం గడ్డకట్టే పని మొదలవడానికి గాజు తగలాలి. ప్లాస్టిక్ గొట్టంలో మామూలు మనిషి రక్తం కూడా గడ్డకట్టక మోసం చేయొచ్చు. సబ్బుతో కడిగిన గాజుదీ అంతే.

“మా దగ్గరున్నవన్నీ ప్లాస్టిక్ ట్యూబులే అబ్బాయ్.” కాసేపు ఏం మాట్లాడలేదు. ఇన్నాళ్ళూ ఎన్నిసార్లు వంచి చూసిందో లెక్క వేసుకుంటోందని అర్థమైంది.

ఆ ఒక్క మాట ఎన్ని దేశాలు, ఎన్ని భాషలు, ఎన్ని చందాలు దాటి రావాలో నేను అప్పటిదాకా ఆలోచించలేదు. పెద్ద పెద్ద నిజాలు ఎలాగోలా ప్రయాణం చేస్తాయి. దారిలో జారిపోయేవి ఇలాంటి చిన్న మాటలు.

ఆ ఆదివారం బెజవాడ వెళ్ళి ల్యాబ్ సామాన్లు అమ్మే కొట్లో డజను గాజు టెస్ట్‌ట్యూబులు కొని ఇచ్చాను. డాక్టరమ్మ సంతకం తీసుకుని, వదిన పాత క్యాలెండర్ వెనక తెల్ల కాగితం మీద స్కెచ్ పెన్నుతో తెలుగులో వరస రాసి డ్యూటీ గది గోడకి అంటించింది. ఫోటో పంపింది. మొత్తం తొమ్మిది లైన్లు. నాలుగో లైన్లో ‘గాజు’ అన్న మాట కింద ఎర్రగా రెండు గీతలు. అక్షరాలు కొంచెం వంకరగా ఉన్నాయి. నా ఫోన్‌లో ఆ ఫోటోని రస్సెల్ పుస్తకం పక్కనే దాచుకున్నాను.